విద్యానిధిలో పరిశోధక విద్యార్థికి చోటు

ప్రతి సంవత్సరము వేసవిలో మన సంఘపు విద్యానిధికి దరఖాస్తులు వచ్చుచుండును. వానిలో పెక్కు వైద్యవిద్యకు, ఇంజనీరింగునకు, చార్టర్డు అకౌంటెన్సీకి సంబంధించినవి. ఇవి మంచి చదువులే. వానికి సాయము తగ్గింపవలయునని నేననను. కాని శాస్త్రపరిశోధన చేయగోరు బాలుడో బాలికయో దరఖాస్తు పెట్టుకొన్నప్పుడు మన పెద్దలలో ఒక ప్రశ్న పుట్టుచున్నది: "ఈ చదువు ముగియుట ఎప్పుడు? సంపాదన మొదలగుట ఎప్పుడు?" ఈ ప్రశ్న దురుద్దేశముతో అడుగునది కాదు. నిధిలోని ప్రతి రూపాయియు మన కుటుంబముల కష్టార్జితము. దానిని వ్యయపరచుటకు ముందు ఆలోచించుట ధర్మమే. అయినను ఆ ప్రశ్నకు తగిన సమాధానము కలదనియు, అది మన వంటి ఇంట పుట్టిన ఒక మహనీయుని జీవితములోనే దొరకుననియు నా అభిప్రాయము.

కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10వ తేదీన హడగలిలో జన్మించిరి. నేడు హూవిన హడగలి అను పేర కర్ణాటక రాష్ట్రములోనున్న ఆ యూరు ఆనాడు మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాకు చెందినది. ఇంటి భాష తెలుగు. పదిమంది సంతానములో ఎనిమిదవవాడగుటచే కృష్ణుని పేరు పెట్టిరి. తండ్రిగారు పోలీసు శాఖలో ఉద్యోగి యగుటచే బదిలీలు తప్పలేదు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో కుమారుని చదువు సాగినది. తల్లి లక్ష్మీకాంతమ్మగారు తెల్లవారుజామున 4 గంటలకు కుమారుని లేపి, నూనెదీపము వెలిగించి, చదువునకు కూర్చుండబెట్టెడివారు. ఆ ఋణమును ఆయన తన గ్రంథమొకదాని అంకితములో స్మరించుకొనిరి.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున ఉన్నత పట్టము పొందిన పిదప ఆయన పరిశోధక వేతనమునకు దరఖాస్తు పెట్టిరి. అది గడువు దాటి అందినదను కారణముచే వేతనము లభింపలేదు. సైన్యమునకు చెందిన సర్వే శాఖలో గణితజ్ఞుని ఉద్యోగమునకై కలకత్తాకు వెళ్లిరి. అదియు దొరకలేదు. బసచేసిన చోట గణాంకశాస్త్రములో శిక్షణ పొందుచున్న ఒక యువకుడు పరిచయమై, తాను చదువు సంస్థను గూర్చి చెప్పెను. అది ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారు 1931లో స్థాపించిన భారతీయ గణాంక సంస్థ. 1941లో రాధాకృష్ణారావుగారు అందు చేరిరి. దరఖాస్తు కొంచెము ఆలస్యమైనందున మూసికొనిన తలుపు, పరిచితుడొకడు చెప్పిన ఒక్క మాటచే తెరచుకొనినది. అందరికిని అట్టి పరిచయము లభించునా? సంఘములు ఉన్నది ఇందులకే యని నేననుకొందును.

ఇక ఆయన కనుగొన్నదేమి? అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టి చూచిన చాలునని మన ఇండ్లలో అందురు. బియ్యపు బస్తాకు గొట్టము గుచ్చి, గుప్పెడు గింజలు తీసి, మొత్తము సరకు యొక్క గుణమును నిర్ణయించుట వర్తకులమగు మనకు నిత్యకృత్యము. ఆ గుప్పెడును బట్టి కట్టిన అంచనా ఎంతవరకు నమ్మదగినది? ఇంతకంటె నేర్పుగా లెక్క కట్టిన ఇంకను సూక్ష్మమైన అంచనా వచ్చునా, లేక నేర్పునకు కూడ ఒక హద్దు కలదా? నమూనాలు మిక్కిలి పెద్దవైనప్పుడు ఇట్టి హద్దు కలదని ఇంగ్లాండునకు చెందిన ఫిషర్ పండితుడు చూపియుండెను.

1944లో రాధాకృష్ణారావుగారు కలకత్తాలో ఈ విషయమును బోధించుచుండగా, వి. ఎం. దాండేకర్ అను విద్యార్థి లేచి, చిన్న నమూనాలకు కూడ ఇట్టి ఫలితము కలదా యని అడిగెను. ఉపాధ్యాయుడు ఆ రాత్రియంతయు కూర్చుండి సమాధానమును సాధించెను. నమూనాలో ఇమిడియున్న సమాచారము ఎంతయో లెక్కింపవచ్చును. ఒక వైపునకు మొగ్గని ఏ అంచనాయైనను ఆ సమాచారము విధించు హద్దును మించి సూక్ష్మము కాజాలదు. ఇదియే ఆ ఫలితము. 1945లో కలకత్తా గణిత సంఘపు పత్రికలో ఇది వెలువడునప్పటికి ఆయనకు 25 సంవత్సరములు. స్వీడను దేశీయుడగు క్రామర్ వేరుగా ఇదే విషయమును కనుగొని 1946లో ప్రకటించెను. కావుననే లోకములో దీనిని క్రామర్–రావు హద్దు అని వ్యవహరింతురు. అడిగినవాడు మరాఠీ, సాధించినవాడు తెలుగువాడు, ఊరు వంగదేశపు రాజధాని. పరభాషా ప్రాంతములో నివసించుట విద్యకు లోపమను భావము మనలో ఎవరికైన నున్నచో ఈ ఒక్క ఉదంతము చాలును.

ఈ ఒక్క శాస్త్రము ఎన్ని శాస్త్రములకు ఊడిగము చేయుచున్నదో చూడుడు. 1946లో రాధాకృష్ణారావుగారు కేంబ్రిడ్జికి వెళ్లినది సూడాను దేశములోని జెబెల్ మోయా అను చోట త్రవ్వకములలో దొరకిన ప్రాచీనుల ఎముకల కొలతలను పరిశీలించుటకు. ఆ కొలతల నుండి ఆ జనుల పూర్వాపరములను నిర్ణయించు గణితపద్ధతులను ఏర్పరచి, ఫిషర్ గారి పర్యవేక్షణలో 1948లో డాక్టరు పట్టము పొందిరి. ప్రయోగములను తక్కువ సంఖ్యలో చేసి ఎక్కువ విషయము రాబట్టుటకు ఆయన రచించిన పట్టికలు తరువాత పరిశ్రమలలో సరకు నాణ్యమును పెంచుటకు ఉపయోగపడినవి. జపానులోని టగుచీ పద్ధతికి అట్టి పట్టికలే ఆధారము. ఆకాశములోని విమానము యొక్క దూరమును రాడారు ఎంత సరిగా చెప్పగలదో నిర్ణయించుటకు కూడ పైని చెప్పిన హద్దునే వాడుదురు. ఎముకలను గూర్చి, యంత్రములను గూర్చి, విమానములను గూర్చి వేరు వేరుగా తపించు పరిశోధకులందరును ఒకే కుంచముతో కొలుచుకొనుచున్నారు.

వర్తకులకు రుచించు కథ యొకటి రాధాకృష్ణారావుగారే తమ గ్రంథములో చెప్పిరి. 1947లో ఢిల్లీలో అల్లరులు చెలరేగినప్పుడు అనేకులు ఎఱ్ఱకోటలో తలదాచుకొనిరి. వారికి భోజనము పెట్టు గుత్తేదారులు తెచ్చు బిల్లులను ప్రభుత్వము చెల్లింపవలసి వచ్చెను. లోపల ఎందరున్నారో లెక్కించుటకు వీలు లేకుండెను. అప్పుడు గణాంకశాస్త్రజ్ఞులను పిలిచిరి. వారు కోటలోనికి పోకుండగనే బియ్యము, పప్పు, ఉప్పు ఎంతెంత వాడినట్లు బిల్లులలో వ్రాసిరో చూచి, ఒక మనిషికి దినమునకు ఎంత కావలయునో దానిచే భాగించిరి. మూడు సరకులును ఒకే జనసంఖ్యను చూపవలెను గదా! బియ్యమును బట్టి వచ్చిన సంఖ్య మిక్కిలి పెద్దది. ఉప్పును బట్టి వచ్చినది మిక్కిలి చిన్నది. ఉప్పు చవుక, దానిని ఎక్కువ వ్రాసి సంపాదించునది లేదు. కావున ఉప్పు చెప్పినదే నిజమునకు దగ్గరయని వారు తేల్చిరి. హుమాయూను సమాధి వద్దనున్న చిన్న శిబిరములో ఇదే పద్ధతిని పరీక్షింపగా సరిపోయినది. ప్రజాధనము ఎచ్చట కారిపోవుచున్నదో ఉప్పు లెక్క పట్టిచ్చినది. ఇట్టి విద్య గలవారికి అన్నము పెట్టుట దేశమునకు నష్టమని ఏ వర్తకుడు అనగలడు?

ఫలము ఆలస్యముగా వచ్చునన్న మాట నిజము. 1945 నాటి వ్యాసమునకు గణాంకశాస్త్రములో అంతర్జాతీయ బహుమానము 2023లో వచ్చినది. నడుమ 78 సంవత్సరములు గడచినవి. ఆ యేడే ఆగస్టు 22వ తేదీన తమ 103వ యేట రాధాకృష్ణారావుగారు దివంగతులైరి. అయితే ఆ వ్యాసము బహుమానము కొరకు కాచుకొని కూర్చుండలేదు. ఈలోపల వేలకొలది పరిశోధకులు దానిని వాడుకొనిరి. కూరపాదు వేసినవాడు రెండు నెలలలో కోయును. చింతచెట్టు నాటినవాడు మనుమల కొరకు నాటును. వివేకము గల గృహస్థుని పెరటిలో రెండును ఉండును.

ఇక ఆక్షేపణలను విచారింతము. సంపాదన లేదనుట పూర్తిగా సరి కాదు. జాతీయ పరీక్షలో నెగ్గిన జూనియరు పరిశోధకునికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయల వేతనము నిర్ణయింపబడినది. కష్టమంతయు దానికి ముందున్నది. ఎం.ఎస్‌సి. ముగిసిన పిదప పరీక్షలో నెగ్గి చోటు దొరకువరకు ఒకటి రెండు సంవత్సరములు చేతిలో కాసు ఉండదు. ఆ సమయముననే చుట్టములు ఉద్యోగమనియు, ఆడపిల్లయైనచో పెండ్లి యనియు ఒత్తిడి చేయుదురు. తెలివిగల పిల్లలు పరిశోధనను విడుచుట ఇచ్చటనే.

విదేశములకు పోవుదురను ఆక్షేపణ మరియొకటి. రాధాకృష్ణారావుగారు దాదాపు 40 సంవత్సరములు భారతీయ గణాంక సంస్థలోనే పనిచేసి, శిష్యులను తయారుచేసిన పిదపనే అమెరికాకు వెళ్లిరి. అందరును రాధాకృష్ణారావులు కాగలరా యను ప్రశ్నకు, కాలేరనియే నా జవాబు. మనము సాయము చేసిన ఇంజనీర్లందరును విశ్వేశ్వరయ్యలైరా? అయినను సాయము చేయుట మానలేదు గదా.

మనవారికి ఒక సౌకర్యము కలదు. దానిని మనమే గుర్తించుట లేదు. పరిశోధనాలయములు మన ముంగిళ్లలోనున్నవి. బెంగుళూరులో 1909 నాటి భారతీయ విజ్ఞాన సంస్థ, చెన్నైలో 1962 నాటి గణితశాస్త్ర సంస్థ, ముంబయిలో 1945లో ఆరంభమైన టాటా మౌలిక పరిశోధన సంస్థ, పూనాలో 1950 నాటి జాతీయ రసాయన ప్రయోగశాల కలవు. భారతీయ గణాంక సంస్థకే బెంగుళూరులోను చెన్నైలోను శాఖలున్నవి. తెలుగువారు తరతరములుగా నివసించు బరంపురములో 2016లో భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ నెలకొన్నది. ఇట్టివి పూనాలోను తిరుపతిలోను గూడ కలవు. పన్నెండవ తరగతి ముగిసిన పిల్లలు ప్రవేశపరీక్ష వ్రాసి అయిదు సంవత్సరముల చదువునకు ఇందు చేరవచ్చును. బరంపురములోని మన తల్లిదండ్రులలో ఎందరు ఆ ద్వారమును దాటి లోపలికి తొంగి చూచిరి?

కావున కార్యవర్గము ఎదుట మూడు సూచనలు ఉంచుచున్నాను. మొదటిది, విద్యానిధిలో నాలుగవ వంతు శాస్త్రపరిశోధనకు సిద్ధమగు విద్యార్థులకు ప్రత్యేకింపవలయును. ఎం.ఎస్‌సి. తరువాతి ఖాళీ సంవత్సరమునకు నెలనెల సాయము, పరీక్షలకు ఇంటర్వ్యూలకు పోవు రైలు ఖర్చు ఇందులో చేరవలెను. బాలికల దరఖాస్తులను ముందుగా చూడవలెను. రెండవది, ప్రవేశపరీక్షల యొక్కయు, పరిశోధక వేతనముల యొక్కయు గడువు తేదీలను ఈ పత్రికలో ప్రతివారము ప్రకటింపవలయును. దీనికి ఒక్క పైసయు అక్కరలేదు. శ్రద్ధగల ఒక కార్యకర్త చాలును. గడువు దాటుటచే మన పిల్లలలో ఏ ఒక్కరికిని చదువు పోరాదు.

మూడవది, నాకు మిక్కిలి ముఖ్యమైనది. సాయము పొందిన ప్రతి విద్యార్థియు సంవత్సరమునకు ఒకసారి తాను చేయుచున్న పని యేమో ఈ పత్రికలో ఒక పుట తెలుగులో వ్రాయవలెను. మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియాయో, మరాఠీయో చదివి, పరిశోధనాలయములో ఆంగ్లము మాట్లాడుదురు. తెలుగు వంటయింటి భాషగా మిగిలిపోవుచున్నది. మనుమరాలు జీవకణములను గూర్చి యేమి శోధించుచున్నదో అవ్వకు చెప్పుటకు ఆ పిల్లకు మాటలు లేవు. వినుటకు అవ్వకు అవకాశము లేదు. వ్రాయుమన్నచో మాటలు వెదకికొనును. మొదట తడబడును; పిదప అలవాటగును. ఉప్పు లెక్కను తెలుగులో చెప్పగలిగినప్పుడు జీవకణమును గూర్చి చెప్పలేకపోవుట యుండదు. ఇచ్చిన రూపాయి ఏమైనదో దాతలకును ఆ పుటలోనే తెలియగలదు.

ఈ సూచనలను రానున్న సర్వసభ్య సమావేశములో చర్చకు పెట్టుమని కార్యవర్గమును కోరుచున్నాను. నాలుగవ వంతు ఎక్కువయని తోచినవారు అయిదవ వంతు అనవచ్చును. ఆ మాట సభలో తేల్చుకొందము. భేదాభిప్రాయము గలవారు తమ వాదమును ఈ పత్రికకే వ్రాసి పంపిన, సమావేశమునకు ముందే అందరికిని విషయము బోధపడును. వచ్చు వేసవి దరఖాస్తుల నాటికి మాత్రము నిర్ణయము జరిగి తీరవలయును.