మొరం బాటకు ఏ టైరు?

పొలం పనికి, ఇంటి పనికి జీపో, థారో ఉంచుకున్న వారు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఏ కంపెనీ టైరు మంచిది? ఆ ప్రశ్నను కాస్త ప్రక్కన పెట్టండి. మీ బండి వారం రోజుల్లో ఏ బాట మీద ఎంత తిరుగుతుందో ముందు లెక్క వేసుకోండి.

మన ఇబ్రహీంపట్నంలోనే చూడండి. సాగర్ రోడ్డు మీద నున్నని తారు. అది దిగి పొలాల వైపు తిరిగితే ఎర్ర మొరం. క్రషర్ల వైపు పోతే పగిలిన రాతి కంకర. చెరువు శిఖం భూముల్లో వాన పడితే జిగట బురద. ఈ నాలుగింటికీ సమానంగా పనికివచ్చే టైరు ఏదీ లేదు.

అంగడిలో మూడు రకాలు దొరుకుతాయి. హెచ్.టి. అనేది తారు రోడ్డు టైరు. చప్పుడు తక్కువ, అరుగుదల తక్కువ. ఎం.టి. అంటే బురద టైరు. దీనినే మనవాళ్ళు బటన్ టైరు అంటారు. పెద్ద పెద్ద బటన్లు, వాటి మధ్య వెడల్పాటి గాడులు ఉంటాయి గనుక బురదను విదిల్చివేస్తుంది. కాని తారు మీద హోరు పెడుతుంది, త్వరగా అరుగుతుంది, తడిసిన తారు మీద బ్రేకు వేస్తే ఆలస్యంగా ఆగుతుంది. చూపుకు బాగుందని పట్నం కుర్రవాళ్ళు దీనిని వేయించుకుంటున్నారు; అది వారి ముచ్చట. ఈ రెంటికీ మధ్యది ఏ.టి. మొరం, కంకర, తారు మూడూ తొక్కే మన కుటుంబాలకు ఇదే తగినదని మా అభిప్రాయం.

కంకర విషయం కొంచెం వివరంగా చెప్పాలి. ఏటి రాయి నీటిలో దొర్లి గుండ్రబడుతుంది. క్రషర్ రాయి అలా కాదు. దాని అంచు కత్తిలా ఉంటుంది. అలాంటి రాయి గాడిలో ఇరుక్కుంటే, చక్రం తిరిగిన ప్రతిసారీ ఇంకొంచెం లోపలికి దిగుతూ, చివరికి రబ్బరును తొలుస్తుంది. మంచి ఏ.టి. టైరులో గాడి అడుగున చిన్న చిన్న మిట్టలు ఉంటాయి. రాయి అక్కడ నిలవకుండా అవి నెట్టివేస్తాయి. కొనేటప్పుడు గాడిలో వేలు పెట్టి చూడండి. రాళ్ళ బాట తిరిగి వచ్చిన సాయంత్రం స్క్రూడ్రైవరుతో రాళ్ళు తీసివేయడం పిల్లలకు కూడా అప్పగించవచ్చు, ఇంజను ఆపి ఉంటేనే సుమా!

నడి భాగంలో పంక్చరైతే అతుకు వేయవచ్చు. ప్రక్క గోడ తెగితే ఆ టైరు ఇక పనికిరాదు. అందుచేత టైరు మీది అంకెలు చదవడం నేర్చుకోవాలి. 2020లో వచ్చిన థార్‌లో కొన్నింటికి 245/75 ఆర్16, మరికొన్నింటికి 255/65 ఆర్18 టైర్లు వచ్చాయి. మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో. రెండవది ఆ వెడల్పులో నూటికి ఎన్నో వంతు గోడ ఎత్తు. లెక్క కడితే మొదటి దాని గోడ 184 మిల్లీమీటర్లు, రెండవ దానిది 166. రాళ్ళ మీద ఎత్తు గోడే నయం. రాయి తగిలినప్పుడు ఒదిగిపోయే చోటు దానికి ఎక్కువ. రిమ్ము పెద్దదైతే అందం పెరుగుతుందేమో గాని, దెబ్బ రిమ్ముకు తగులుతుంది.

ఆ ప్రక్కనే 100 అని ఉంటే ఒక్క టైరు 800 కిలోలు మోయగలదని అర్థం. నాలుగు కలిపి 3,200 అని సంబరపడి, పెళ్ళికో కూడికకో పదిహేను మందిని ఎక్కించకండి. వాలులో, మలుపులో బరువు అంతా ఒక్క ప్రక్కకే ఒరుగుతుంది.

అన్నిటికంటె భయపడవలసింది పాత టైర్లకు. సగం ధరకు వస్తున్నాయని, గాడి లోతుగా ఉందని, వాడిన టైర్లు తెచ్చి వేసేవారిని చూస్తున్నాము. గోడ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైనదన్నమాట. ఏళ్ళ తరబడి ఎండకు ఉన్న రబ్బరు గట్టిపడి, గోడలో సన్నని పగుళ్ళు పడుతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని చట్టం. మొరం మీద మేమైతే అంతవరకు ఆగవద్దంటాము. అర్ధరాత్రి నొప్పులు పడుతున్న కోడలిని వెనుక సీటులో పడుకోబెట్టి పట్నం పరుగెత్తేది ఆ టైర్ల మీదనే గదా!

ఫోర్‌వీల్ బండికి నాలుగూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. ముందు రెండు కొత్తవి, వెనుక రెండు గుండువి వేసి ఫోర్‌వీల్ పెడితే గేర్లు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. ఎండిన తారు మీద ఫోర్‌వీల్ వేయనే వద్దు.

గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. బురదలో దిగబడితే కొంత గాలి తీసి మెల్లగా బయటపడవచ్చు; తారు ఎక్కేముందు తిరిగి నింపాలి. తక్కువ గాలితో వేగంగా పోతే గోడ వేడెక్కి పేలుతుంది.

స్టెప్నీ కూడా అదే సైజుది ఉంచండి. జాకీ క్రింద పెట్టడానికి మందపాటి చెక్క పలక ఒకటి సీటు వెనుక పడేయండి. మొరంలో జాకీ భూమిలోకి దిగుతుంది గాని బండి పైకి లేవదు.