వల వేయాలా, కుట్లు చాలా?

"డాక్టరు గారూ, రెండు ఆస్పత్రులు తిరిగాను. ఒకాయన గజ్జలో కోసి వల పెడతానన్నారు. ఇంకొకాయన పొట్టకి మూడు చిన్న రంధ్రాలు పెట్టి, అదే వల లోపలి నుంచి వేస్తానన్నారు. మా అబ్బాయేమో అమెరికా నుంచి ఫోన్ చేసి, 'వలల మీద ఇక్కడ బోలెడు కేసులు నడిచాయి, వద్దు నాన్నా' అంటున్నాడు. ఎవరి మాట వినను?"

రిటైరైన లెక్కల మాస్టారాయన. కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు. దగ్గితే పైకొస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. లెక్కల మాస్టారు కదా, అంకెలతోనే మాట్లాడుకున్నాం.

పొట్ట గోడ బలహీనపడిన చోట నుంచి కొవ్వో, పేగో బయటికి తోసుకురావడమే హెర్నియా. మందులకి తగ్గదు. బెల్టు కట్టుకుంటే ఉబ్బు అణిగి ఉంటుంది, అంతే. చిరిగిన చొక్కాని అంచులు దగ్గరికి లాగి కుట్టొచ్చు, లేదా అతుకు వేయొచ్చు. ఇక్కడా ఉన్నవి ఆ రెండు దారులే.

ఇటలీలోని పాదువాలో ఎడోర్డో బస్సీని అనే సర్జన్ 1880ల్లో కుట్ల దారి చూపించాడు. దాదాపు వందేళ్లు ప్రపంచమంతా ఆ బాటలోనే నడిచింది. చిక్కేమిటంటే, లాగి కుట్టిన కండ ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది. కొన్నేళ్లకి కుట్టు వదులై ఉబ్బు తిరగబెట్టేది. కెనడాలో షోల్డిస్ అనే ఆయన పొర మీద పొర మడిచి కుట్టే పద్ధతి తెచ్చాడు. టొరంటో దగ్గర ఆయన పేరున్న ఆస్పత్రిలో పనంతా హెర్నియాలతోనే. అక్కడ తిరగబెట్టేవి నూటికి ఒకటి చొప్పున మాత్రమే. అదే పద్ధతి మిగతా చోట్ల అంత బాగా పనిచెయ్యలేదు. గొప్పతనం కుట్టుదా, చేతిదా అంటే నేను చేతిదనే అంటాను.

1980ల్లో లాస్ ఏంజెలిస్ సర్జన్ లిఖ్టెన్‌స్టయిన్ లాగడమే మానేసి, పాలీప్రొపిలీన్ వలని అతుకులా వేశాడు. ఇప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే. పరిశోధనలన్నీ కలిపి 2018లో వేసిన లెక్క ప్రకారం, కుట్లకి బదులు వల వాడితే ప్రతి 46 మందిలో ఒకరికి మళ్లీ రాకుండా ఆగుతుంది. "46కి ఒకటేనా?" అన్నారు మాస్టారు. ఆ ఒక్కరికీ రెండో ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టం, మాస్టారూ.

వల అనగానే ఖరీదు గుర్తొస్తుంది. మహారాష్ట్రలో డాక్టర్ టోంగావ్‌కర్ దోమతెర గుడ్డనే శుద్ధి చేసి వాడి చూపించారు. అలాంటి చవక వలని ఉగాండాలో 302 మంది మీద ఖరీదైన వలతో పోల్చి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది తర్వాత పెద్ద తేడా లేదు. (ఇంట్లో దోమతెర కత్తిరించి తీసుకెళ్లకండి!)

ఇక ల్యాపరోస్కోపీ. కోత చిన్నది, తర్వాత నొప్పి తక్కువ, పనిలోకి త్వరగా వెళ్లొచ్చు. కానీ అమెరికా మాజీ సైనికుల మీద జరిగిన అధ్యయనంలో (2004) మొదటిసారి హెర్నియా వచ్చినవాళ్లలో రెండేళ్లకి తిరగబెట్టినవి కోత ఆపరేషన్‌లో నూటికి 4, ల్యాపరోస్కోపీలో 10. అయితే 250కి పైగా చేసిన సర్జన్ల దగ్గర ఆ 10 కాస్తా 5 లోపుకి దిగింది. మళ్లీ చెయ్యే!

అబ్బాయి భయం ఉట్టిది కాదు. ఆపరేషనయ్యాక నెలల తరబడి గజ్జలో సలుపు, గుచ్చినట్టుండే నొప్పి నూటికి 10, 12 మందిలో ఉంటుంది. చాలామందికి క్రమేణా తగ్గుతుంది, కొద్దిమందికి మాత్రం నడకా నిద్రా కూడా కష్టమవుతాయి. కాకపోతే ఇది ఒక్క వల పాపమే కాదు. ఆ దారిలో వెళ్లే నరాలు దెబ్బతింటే కుట్ల ఆపరేషన్‌లోనూ వస్తుంది. ల్యాపరోస్కోపీలో కాస్త తక్కువ. వల లేకుండా సొంత కండపొర పట్టీతోనే కుట్టే పుణె డాక్టర్ దేశార్డా పద్ధతి ఉంది. పోలండ్‌లో 208 మందిని మూడేళ్లు చూస్తే వలకి దీటుగానే నిలిచింది. పది, ఇరవై ఏళ్ల లెక్కలు ఇంకా రావాలి.

"అసలు చేయించుకోకపోతే?" అన్నారు. నొప్పి లేని మగవాళ్లు ఆగొచ్చు. అలా ఆగినవాళ్లలో పదేళ్లలో నూటికి 68 మంది చివరికి ఆపరేషన్‌కే వచ్చారు, ఎక్కువగా నొప్పి వల్లే. ఆడవాళ్లు మాత్రం ఆగకూడదు, వాళ్లకి పేగు ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ. ఎవరికైనా సరే, ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పీ వాంతులూ మొదలైతే రాత్రని చూడకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి.

మాస్టారిది నలభై ఏళ్ల సిగరెట్టు, ఊపిరితిత్తులు అంతంతమాత్రం. పూర్తి మత్తు లేకుండా, గజ్జ వరకే మత్తిచ్చి చేసే కోత ఆపరేషనే ఆయనకి నయమన్నాను. ముందు సిగరెట్టు మానాలన్నాను. తలూపి, లేవబోతూ అడిగారు:

"మీరు ఇవి ఎన్ని చేశారు? ఎన్ని తిరగబెట్టాయి? ఎందరికి నొప్పి మిగిలింది?"

మొదటి రెండింటికీ నా రిజిస్టర్ తీసి చూపించాను. మూడో లెక్క నేను రాసుకోలేదు.