నిధి ఎవరి పేరిట, నిర్ణయం ఎవరిది?

వాతావరణ మార్పునకు అతి తక్కువ కారకులైన వారే దాని భారాన్ని అతి ఎక్కువగా మోస్తున్నారన్నది పర్యావరణ న్యాయ భావనకు మూలం. తెలుగు నేలపై మెట్ట భూముల దళిత రైతులు, ఏజెన్సీ ఆదివాసులు, పొలం విడిచి నగరం చేరిన వలస కూలీలు ఈ కోవకు చెందుతారు. వీరి పేరిట నిధులు మంజూరు కావడం లేదని అనలేము. ఆ నిధిని దేనికి, ఎప్పుడు, ఎలా వెచ్చించాలో నిర్ణయించే అధికారం మాత్రం వీరికి చేరడం లేదు. అసలు లోపం ఇక్కడే ఉన్నది.

వలస కూలీల స్థితి ఇందుకు మొదటి నిదర్శనం. పాలమూరు వంటి మెట్ట ప్రాంతాల నుండి వచ్చినవారు మోతీనగర్, బోరబండ మొదలుకొని ఫిల్మ్‌నగర్ వరకు హైదరాబాదు బస్తీలలో నివసిస్తూ భవన నిర్మాణ పనులతో పొట్ట పోసుకుంటున్నారు. గ్రామంలో ప్రాజెక్టు సర్వే జరిగే నాటికి వారు ఊరిలో ఉండరు. లబ్ధిదారుల జాబితాలో వారి పేరుండదు. నగర పథకాలకు వారు ఇల్లు లేని కుటుంబాలుగా మాత్రమే కనిపిస్తారు. ఊరిలో వారి ఎకరం, రెండెకరాలు బీడుపడి, పైమట్టి వర్షానికి కొట్టుకుపోతుంది. భూసార క్షీణత, వలస ఒకే సమస్యకు రెండు ముఖాలైనప్పటికీ, నిధుల పద్దులలో అవి వేర్వేరు శాఖల కిందకు వస్తాయి.

ఈ రెండింటినీ కలిపి చూసిన ప్రయత్నం హైదరాబాదుకు సుమారు నూరు కిలోమీటర్ల దూరంలోనే జరిగింది. జహీరాబాదు ప్రాంతంలో 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, దళిత మహిళా సంఘాలతో కలిసి 1990ల మధ్యకాలంలో ధాన్యనిధిని నెలకొల్పింది. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ నిధులతో సుమారు 30 గ్రామాలలో రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు భూములు సాగులోకి వచ్చాయి. దుక్కికి, పశువుల ఎరువుకు, విత్తనానికి, కలుపు తీతకు సంఘమే రుణమిచ్చింది. రైతులు దానిని నగదుగా కాక జొన్నలుగా విడతల వారీగా చెల్లించారు. ఆ జొన్నలు ఊరిలోనే నిల్వ ఉండి, కరవు నెలలలో పేదలకు తక్కువ ధరకు అందాయి. పేదలెవరన్నది ఊరివారే కూర్చుని తేల్చారు. ఒకే నిధితో నేల, కూలి, తిండి మూడూ సమకూరాయి. 2019లో ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

అయితే ఈ విజయానికి పరిమితి కూడా ఉన్నది. 1983లోనే ఆరంభమైన రెండు రూపాయల కిలో బియ్యం పథకం పేదల ఆకలి తీర్చిన మాట నిజం. కానీ ప్రభుత్వ ధనం దశాబ్దాలపాటు వరి వైపే ప్రవహించడంతో జొన్న, కొర్ర, సామ పళ్ళెం నుండీ పొలం నుండీ తప్పుకున్నాయి. చౌకధరల దుకాణంలో చిరుధాన్యాలకు చట్టబద్ధమైన చోటు 2013 జాతీయ ఆహార భద్రతా చట్టంతో గాని రాలేదు. చిన్న సంఘం ఎంత శ్రమించినా, పెద్ద నిధి ఎదురు దిశలో సాగితే ఫలితం నిలవడం కష్టం.

ఆదివాసుల అనుభవమూ ఇదే చెబుతున్నది. తపసి చెట్టుకు గొడ్డలితో లోతుగా గాటు పెట్టి జిగురు తీసే పద్ధతిలో చెట్లు చచ్చిపోయేవి. విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ వంటి సంస్థలు తేలికైన పనిముట్లతో, చెట్టు మానుకోగలిగే చిన్న గాట్లతో జిగురు తీయడంలో గిరిజనులకు శిక్షణనిచ్చాయి. శుభ్రమైన జిగురుకు మంచి ధర రావడంతో చెట్టును కాపాడుకోవడమే లాభసాటి అయింది. సామూహిక అటవీ వనరులను రక్షించుకొని నిర్వహించుకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చింది. కానీ ఆ హక్కును ఆచరణలో పెట్టేందుకు గ్రామసభ చేతికి నేరుగా అందే ధనం స్వల్పం.

నేటి నిధుల నియమాలు ఈ అంతరాన్ని పెంచుతున్నాయి. కంపెనీల చట్టం, 2013 ప్రకారం సామాజిక బాధ్యత కింద వెచ్చించే ధనంలో, కొనసాగే ప్రాజెక్టుకు ఆరంభ సంవత్సరం మినహా మూడేళ్ళకు మించి గడువు లేదు. మెట్ట నేలలో సేంద్రియ కర్బనం చెప్పుకోదగినంతగా పెరగడానికి ఆ వ్యవధి చాలదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ, ఒక సంస్థ పొందిన నిధిని మరొక సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది. పెద్ద సంస్థ ద్వారా చిన్న సంఘానికి ధనం చేరే దారి దీనితో మూసుకుపోయింది. ప్రపంచ స్థాయిలోనూ ఇదే ధోరణి. 2021 గ్లాస్గో సదస్సులో మూలవాసులకు, స్థానిక సమాజాలకు 170 కోట్ల డాలర్లు ప్రకటించగా, మొదటి ఏడాది వెచ్చించిన మొత్తంలో వారి సంస్థలకు నేరుగా చేరినది 7 శాతమే.

చిన్న సంఘాలకు లెక్కలు రావు, జవాబుదారీతనం ఉండదన్న అభ్యంతరం తరచుగా వినవస్తుంది. ప్రజాధనం విషయంలో ఈ జాగ్రత్త అవసరమే. కానీ లెక్క అంటే వినియోగ ధ్రువపత్రం ఒక్కటే కాదు. ధాన్యనిధిలో ఎవరు ఎన్ని జొన్నలు బాకీ ఉన్నారో ఊరిలో అందరికీ తెలుసు. ఇరుగుపొరుగు కళ్ళెదుట నడిచే లెక్క, దూరాన ఉన్న కార్యాలయానికి పంపే నివేదిక కన్నా తక్కువ కఠినమైనది కాదు.

ఈ విషయంలో వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు ప్రేక్షకులుగా ఉండనవసరం లేదు. మొదటిది, మెట్ట, అటవీ ప్రాంతాల ప్రాజెక్టు ప్రతిపాదనలలో కనీసం ఏడేళ్ళ కాలవ్యవధిని కోరాలి. రెండవది, నిధిలో కొంత భాగాన్ని ముందుగా పద్దు నిర్ణయించకుండా సంఘం విచక్షణకు విడిచిపెట్టాలి. మూడవది, ఫలితాన్ని హెక్టారు దిగుబడితోపాటు ఇంట్లో ఎన్ని నెలల తిండి నిల్వ ఉన్నదో, ఎన్ని రకాల విత్తనం మిగిలినదో, ఆ ఏడు ఎందరు వలస వెళ్ళారో కొలిచి చూడాలి. నాల్గవది, గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా ఊరికి వెళ్ళే విద్యార్థులు, సంఘం చెప్పిన అవసరాన్ని సంఘం మాటలలోనే ప్రతిపాదనగా రాయడంలో తోడ్పడాలి. సర్వేనాడు ఊరిలో లేని కుటుంబాల పేర్లను కూడా అందులో చేర్చాలి.

విస్తరణ శాస్త్రం చిరకాలంగా సాంకేతికతను రైతు వద్దకు చేర్చడాన్నే తన పనిగా భావించింది. నిర్ణయాధికారాన్ని కూడా చేర్చనిదే ఆ పని సగమే పూర్తయినట్లు. బీడుపడిన ఎకరానికి ముందు ఏమి కావాలో, ఆ ఎకరాన్ని విడిచి బోరబండ బస్తీకి చేరిన కుటుంబానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. నిధి మంజూరు చేసే ముందు ఆ కుటుంబాన్ని అడగడం దయ కాదు, మంచి వ్యవసాయ శాస్త్రం.