కంపోస్టుకు కరువైన అర కిలో

ఇంటి కంపోస్టు అంటే వంటింటి తడిచెత్తను ఎండుటాకులతో కలిపి, గాలి ఆడేలా ఉంచి, ఎరువుగా మాగబెట్టడం. ఇందులో ఉన్నవి రెండు సరుకులు. తెలుగు రాష్ట్రాల పురపాలక యంత్రాంగం పదేళ్లుగా మొదటిదాని గురించే ఉపదేశాలు చేస్తోంది. రెండోది రోడ్డు పక్కన కుప్పలుగా కాలిపోతుంటే చూస్తూ ఊరుకుంటోంది. ఇళ్లలో కంపోస్టు నిలదొక్కుకోకపోవడానికి జనానికి అవగాహన, ఓపిక లేకపోవడమే కారణమని అధికారులూ, వారిని సమర్థిస్తూ రాసేవారూ తేల్చేస్తున్నారు. అది తప్పుడు నిర్ధారణ. డబ్బా కొన్న ఇల్లాలికి అవగాహన ఉంది; ఆమెకు లేనిది ఆకు.

ఎంత ఆకు కావాలో లెక్క వేయడం కష్టమేమీ కాదు. చెత్తను ఎరువు చేసే సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి దాదాపు 30 పాళ్ల కర్బనం ఉండాలి. కూరగాయల తొక్కల్లో, మిగిలిపోయిన అన్నం కూరల్లో ఆ నిష్పత్తి సుమారు 15 మాత్రమే. ఎండుటాకుల్లో 60 దాకా ఉంటుంది. పైగా తడిచెత్తలో ముప్పాతిక వంతు నీరే. ఈ అంకెలతో గుణించి చూస్తే కిలో తడిచెత్తకు సుమారు అర కిలో ఎండుటాకు పడుతుంది. అంతే ఆకు కలిపితే కుప్పలో తేమ 75 శాతం నుంచి 50 శాతం చేరువకు దిగుతుంది. మాగడానికి కావలసిన తేమ కూడా 50-60 శాతమే. కర్బనం కొరతనూ, నీటి ఎక్కువనూ ఒకే అర కిలో సరిచేస్తుంది.

ఆ అర కిలో లేనప్పుడు జరిగేది వేరు. తొక్కలు ఒకదానిపై ఒకటి అణిగి, గాలి దారులు మూసుకుపోతాయి. అడుగున నల్లటి ఊట దిగుతుంది. ఎక్కువైన నత్రజని అమ్మోనియాగా మారి ముక్కుపుటాలు అదరగొడుతుంది. ఈగలు ముసురుతాయి, పురుగు పడుతుంది. మూడో వారానికి డబ్బా మళ్లీ చెత్త ఆటో ఎక్కుతుంది. పల్లెటూరి రైతు భాషలో ఈ తేడాకు మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. పండు మాగినట్టే ఎరువూ మాగుతుంది. గాలి తగలనిది కుళ్లుతుంది. గాలీ, తేమా, కర్బనమూ సరిగా కుదిరిన పెద్ద కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటి, కలుపు విత్తనాలనూ రోగకారక క్రిములనూ చంపేస్తుంది. ఇంట్లో చిన్న డబ్బా అంత వేడెక్కకపోవచ్చు కానీ, ఆకు సరిపడా ఉంటే వాసన మాత్రం రాదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డ్, ఆయన సహచరుడు యశ్వంత్ వాడ్ రూపొందించిన ఇండోర్ పద్ధతికి ప్రాణం ఎండు సరుకును ముందే పోగుచేసి ఉంచుకోవడంలోనే ఉంది. పత్తి కట్టె, ఎండిన కలుపు, ఆకులు కుప్పలుగా సిద్ధంగా ఉంటేనే పేడ, పశువుల మూత్రం తడిసిన మట్టి వాటితో కలిసి దాదాపు మూడు నెలల్లో ఎరువయ్యేవి. ఆ పద్ధతి పుట్టిన దేశంలోనే పట్టణాల కంపోస్టు పథకాలన్నీ నిల్వ అనే మొదటి మెట్టును వదిలేసి డబ్బా దగ్గర మొదలవుతున్నాయి.

2015లో హైదరాబాద్‌లో సుమారు 22 లక్షల ఇళ్లకు రెండేసి చొప్పున ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచే కార్యక్రమం మొదలైంది. తడిచెత్తకు ఒకటి, పొడిచెత్తకు ఒకటి. పొడిచెత్త అంటే కాగితం, ప్లాస్టిక్, సీసా. మరి ఎండుటాకు ఎక్కడికి పోవాలి? చేతికి పొడిగా ఉంటుంది, గుణానికి తడిచెత్త జాతిది. రెండు డబ్బాల లెక్కలో దానికి చోటు లేకపోయింది. చోటు లేనిది ఊడ్చేవారి చేతిలో మిగిలింది, అక్కడినుంచి అగ్గిపుల్లకు చేరింది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు మాత్రం ఈ విషయాన్ని మరువలేదు. పార్కుల, తోటల వ్యర్థాలను విడిగా సేకరించి, వీలైనంతవరకు ఆ పార్కుల్లోనే ఎరువుగా మార్చే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టాయి. వార్డు సమావేశాల్లో, ప్రచార పత్రాల్లో గృహిణుల విధులు ఏకరువు పెట్టేవారు ఈ బాధ్యతను మాత్రం చదివి వినిపించరు.

మాగిన ఎరువు మట్టికి చేసే మేలు ఈ శ్రమకు తగినదే. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఎర్ర చెల్క నేలల్లో పోసిన నీరు పోసినట్టే ఇంకిపోతుంది. గుంటూరు వైపు నల్లరేగడి వానకు బంకలా సాగి, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. కంపోస్టు చెల్కలో నీటిని పట్టి ఉంచుతుంది, రేగడిని గుల్లబరుస్తుంది. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపుంటే తక్కువ కింద లెక్క. ఆ అంకెను పైకి లేపేది ఇలాంటి ఎరువే. దీన్ని యూరియాతో పోల్చి తీసిపారేయడం తరచూ కనిపించే పొరపాటు. యూరియాలో నత్రజని 46 శాతం, ఇంటి కంపోస్టులో ఒక శాతం అటూ ఇటూ. యూరియా పైరుకు మేత. కంపోస్టు నేలకు మేత. పెరటి మడిలో రెండంగుళాల మందాన పరిచి పై జానెడు మట్టిలో కలపాలి. మిద్దెతోట కుండీల్లో మూడింట ఒక వంతు చాలు. పచ్చిగా ఉన్నది వేస్తే వేళ్లకు హాని. మట్టిలోని నత్రజనిని కూడా అదే తినేస్తుంది. గుప్పెడు ఎరువును మూత బిగించిన డబ్బాలో రెండు రోజులుంచి తీస్తే తొలకరి మట్టివాసన రావాలి. పులిసిన వాసన వస్తే ఇంకా మాగాలి.

దీనికి కాలం కూడా కలిసొస్తుంది. వేప, కానుగ, రావి మాఘ ఫాల్గుణాల్లోనే ఆకు రాలుస్తాయి. అప్పుడు వేసిన కుప్ప ఎండల్లో తడి ఆరకుండా చూసుకుంటే మృగశిర కార్తెకు ఎరువు చేతికొస్తుంది. కానీ ఆకు రాలేది రెండు నెలలు, తడిచెత్త వచ్చేది పన్నెండు నెలలు. నిల్వ లేకపోతే మిగతా పది నెలలు అర కిలో దొరకదు.

ఆకుల నిల్వకు నిప్పు భయం ఉందన్న అభ్యంతరంలో నిజం లేకపోలేదు. ఇనుప వల చుట్టి, తొక్కి, అప్పుడప్పుడు తడిపితే ఆ భయం తీరుతుంది. సూక్ష్మజీవుల ద్రావణం చల్లితే ఆకులతో పనేముందన్న వాదనకైతే ఆధారమే లేదు. ద్రావణం పనిని తొందరపెట్టగలదేమో కానీ కర్బనాన్ని పుట్టించలేదు, గాలికి దారి చేయలేదు. పుల్లటి మజ్జిగ చల్లినా అంతే.

50 ఇళ్ల అపార్ట్‌మెంటులో ఇంటికి కిలో తడిచెత్త చొప్పున రోజుకు 25 కిలోల ఎండుటాకు కావాలి. ఏడాదికి తొమ్మిది టన్నులు. అంత ఆకు ఆ ఆవరణలోని నాలుగు అలంకరణ మొక్కలు ఇవ్వవు. ఇవ్వగలిగిన చెట్లు వీధిలో, పార్కులో, ప్రభుత్వ కార్యాలయాల ప్రాంగణాల్లో ఉన్నాయి. వాటి కింద ఊడ్చేది పురపాలక సంఘం మనుషులే. పైఅంతస్తులో ఒక కుటుంబం డబ్బు పెట్టి కొబ్బరి పొట్టు ఇటుకలు కొంటుంటే, అదే వీధి చివర ఆకుల కుప్ప పొగలు కక్కుతోంది. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, భారీగా తగలబెడితే 25,000 రూపాయలు వసూలు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. తెల్లవారకముందే చీపురు పట్టే కార్మికులను ఇందుకు తప్పుపట్టడం అన్యాయం. ఊడ్చిన ఆకును వేయడానికి చోటు చూపనివారిదే ఈ నేరం. నగర కంపోస్టు అమ్మకానికి కేంద్రం 2016లో టన్నుకు 1,500 రూపాయల సాయం ప్రకటించింది. గాజు పెంకులు, లోహాలు కలిసిన చెత్త నుంచి కర్మాగారంలో తయారయ్యే సరుకుకు ఆ సాయం దొరికింది. శుభ్రమైన ఎరువును ఉన్నచోటే చేసుకునే ఇంటికి గోనెసంచెడు ఆకు కూడా అందలేదు.

వార్డుకొక ఆకుల నిల్వ కేంద్రం పెట్టడానికి కొత్త చట్టం, విదేశీ సలహాదారు అక్కర్లేదు. పార్కులో ఒక మూల, నాలుగు ఇనుప వలలు, వారానికోసారి సంచులు పంచే ఒక ఆటో చాలు. వచ్చే మాఘంలో ఆకు రాలకముందే ఆ మూల ఎక్కడో ప్రతి పురపాలక కమిషనరూ వార్డులవారీగా ప్రకటించాలి. అది చేసేదాకా, తడిచెత్త ఆటోకు ఇచ్చారని ఇళ్లవారిని మందలించే హక్కు ఏ అధికారికీ లేదు.