కారు ఎందుకు ఆలస్యమైంది? జవాబు చెప్పగలిగితే ఉద్యోగానికి దగ్గరైనట్టే!

సింహాచలం కొండకు వాహన పూజ కోసం వచ్చే కొత్త బళ్లను ఏదైనా సెలవు రోజున గమనించండి. టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమలు, ముందు బంతిపూల దండ... అన్నిటికీ ఒకటే మర్యాద. తేడా అంతా నంబరు ప్లేటులోనే. తెల్ల ప్లేట్ల మధ్య అక్కడక్కడా ఆకుపచ్చ ప్లేటు, దాని మీద తెల్ల అక్షరాలు కనిపిస్తాయి. అవే విద్యుత్ కార్లు. అందరి నోళ్లలో నానుతున్న ఈవీలు. ఆ కారు కొండెక్కే ముందు దాని యజమాని షోరూముకి ఎన్నిసార్లు ఫోన్ చేసి ఉంటాడో! ‘అలాట్‌మెంట్ అయిందా? బండి బయల్దేరిందా? ఇంకెన్నాళ్లండీ?’ ఏడాదంతా చందనంలో ఉండే అప్పన్న నిజరూప దర్శనానికి అక్షయ తృతీయ దాకా ఆగాల్సిందే. కాబట్టి ఎదురుచూపులు విశాఖ వాళ్లకు కొత్త కాదు. కాకపోతే అప్పన్న దర్శనం తేదీ పంచాంగంలో దొరుకుతుంది. కారు తేదీ చాలాసార్లు షోరూమ్ వాళ్లకే తెలియదు.

ఉద్యోగాల పేజీలో ఈ కారు కబుర్లేంటి అనుకుంటున్నారా? విషయం ఉంది. బుకింగ్‌కీ డెలివరీకీ మధ్య గడిచే ఆ కాలం ఖాళీ కాలం కాదు. ఆ నెలల్లో ఎక్కడో ఒక సెల్ తయారవ్వాలి, ఒక అయస్కాంతం ఓడ ఎక్కాలి, ఒక సాఫ్ట్‌వేర్ పరీక్ష పాసవ్వాలి, ఒక టెక్నీషియన్ బండిని చూసి సంతకం పెట్టాలి. వీటిలో ఎక్కడ సరుకో, నైపుణ్యమో తక్కువైతే బండి అక్కడే ఆగుతుంది. అంటే కారు ఆలస్యమైన ప్రతిచోటా ఎవరికో పని ఉందన్నమాట. కొనేవాడికి విసుగు పుట్టించే ఆ ఆలస్యం, ఉద్యోగం వెతికేవాడికి దారి చూపించే మ్యాపు. మన కాలేజీలు ఈ మ్యాపు చదవడం నేర్పడం లేదు. నా ఫిర్యాదంతా అదే.

క్యూలో ఎవరు ముందు?

ముందు బుకింగుల సంగతి చూద్దాం. టాటా టియాగో ఈవీకి 2022 అక్టోబరు 10న బుకింగులు తెరిస్తే తొలిరోజే 10,000 దాటాయి. ఒక్కొక్కరు కట్టింది 21,000 రూపాయలు. ఎంజీ విండ్సర్‌కి 2024 అక్టోబరులో 24 గంటల్లో 15,176 బుకింగులొచ్చాయి. మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ కార్లకు 2025 ఫిబ్రవరి 14న ఒక్కరోజులోనే 30,179 బుకింగులు. ఎక్స్‌షోరూమ్ ధరల లెక్కన వాటి విలువ 8,472 కోట్లని కంపెనీ ప్రకటించింది.

ఒక్కరోజులో ముప్పై వేల మంది డబ్బు కట్టగలరు. అన్ని కార్లు మాత్రం ఒక్కరోజులో తయారవ్వవు. మరి ముందు ఎవరికివ్వాలి? మహీంద్రా ఈ విషయం దాచలేదు. ఖరీదైన ప్యాక్ త్రీ మార్చి నుంచి, అన్నిటికంటే చౌకైన ప్యాక్ వన్ ఆగస్టు నుంచి అని ముందే చెప్పింది. తొలిరోజు బుక్ చేసినవాళ్లలో 73 శాతం ప్యాక్ త్రీనే కోరుకున్నారు కూడా. ఇందులో తప్పేమీ లేదు, వ్యాపారమంటే అదే. అయితే బీకామ్, బీబీఏ చదివేవాళ్లు ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. ఏ రకం కారు ముందు తయారుచేయాలి, ఏ ఊరికి ఎన్ని పంపాలి, ఎంతమంది బుకింగ్ రద్దు చేసుకుంటారు... ఇవన్నీ కూర్చుని లెక్కలేసే మనుషులు కావాలి. దాన్నే సప్లై చైన్ ప్లానింగ్, డిమాండ్ ప్లానింగ్ అంటారు. మన పిల్లల్లో చాలామందికి అదొక ఉద్యోగమనే తెలియదు.

ఎదురుచూపు ఎంత దూరం పోగలదో చెప్పాలంటే టెస్లా కథ చాలు. 2016 మార్చి 31న మోడల్ 3కి ప్రపంచమంతటా బుకింగులు తెరిచినప్పుడు మన దేశం నుంచి కూడా కొందరు వెయ్యి డాలర్లు కట్టారు. టెస్లా తొలి షోరూమ్ ముంబయిలో తెరిచింది 2025 జులై 15న. అదీ వేరే మోడల్‌తో, దాదాపు 60 లక్షల ధరతో. తొమ్మిదేళ్లన్నమాట! చేతిలో రసీదు ఉన్నంత మాత్రాన గుమ్మం ముందుకు బండి వచ్చేసినట్టు కాదు. ఆఫర్ లెటర్ పట్టుకుని జాయినింగ్ తేదీ కోసం నెలల తరబడి మెయిల్ చూసుకున్న సీనియర్లను అడగండి, ఈ బాధ ఇంకా బాగా చెప్తారు.

ఇసుక మనది, అయస్కాంతం ఎవరిది?

కారు ఆగిపోయే చోట్లలో అతి పెద్దది మన కళ్లెదుటే ఉంది. ఈవీ మోటారులో తిరిగే భాగానికి బలమైన అయస్కాంతాలు కావాలి. వాటి తయారీలో చైనాదే పైచేయి. 2025 ఏప్రిల్ 4న చైనా ఏడు రకాల అరుదైన లోహాల మీద, వాటితో చేసే అయస్కాంతాల మీద ఎగుమతి లైసెన్సు షరతు పెట్టింది. కొన్ని వారాల్లోనే మన వాహన కంపెనీలకు సెగ తగిలింది. విద్యుత్ స్కూటర్ల ఉత్పత్తి ఆగిపోయే ప్రమాదముందని బజాజ్ ఆటో బహిరంగంగానే చెప్పింది. అరచేతిలో పట్టే చిన్న ముక్క, కొన్ని లక్షల ఖరీదైన బండిని ఆపేయగలదు!

ఇప్పుడు మన బీచ్‌కి రండి. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా తీరంలోని ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది. అరుదైన లోహాలు దొరికేది అందులోంచే. పక్కనే ఒడిశాలోని ఛత్రపురంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ తీరపు ఇసుక నుంచి ఖనిజాలు వేరుచేస్తోంది. అదే సంస్థ విశాఖలోని బార్క్ ప్రాంగణంలో కట్టిన అయస్కాంతాల ప్లాంటును 2023 మే 11న ప్రధాని జాతికి అంకితం చేశారు. ఏడాదికి 3,000 కిలోల సామర్థ్యం దానిది. అయితే అక్కడ చేసేది సమేరియం–కోబాల్ట్ రకం. కారు మోటార్లలో ఎక్కువగా వాడేది నియోడిమియం రకం. అందుకే 2025 నవంబరు 26న కేంద్ర కేబినెట్ 7,280 కోట్లతో, ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాలు దేశంలోనే తయారయ్యేలా ఒక పథకాన్ని ఆమోదించింది.

కిలోల నుంచి టన్నులకు వెళ్లాలంటే డబ్బొక్కటే సరిపోదు. మెటలర్జీ, కెమికల్ ఇంజినీరింగ్, పౌడర్ మెటలర్జీ తెలిసిన మనుషులు కావాలి. చూశారా విచిత్రం? ఉక్కు నగరంలో ఉంటూనే, కోర్ బ్రాంచ్ అనగానే ‘ప్లేస్‌మెంట్స్ ఉండవు’ అని మొహం తిప్పుకుంటున్నాం. స్టీలు ప్లాంటు విషయంలోనూ నిజం మాట్లాడుకోవాలి. అక్కడ ప్రధానంగా వచ్చేవి ఇంటి కడ్డీలు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్స్. కారు బాడీకి కావాల్సిన పల్చటి షీటు కాదు. ‘మన ఊళ్లో స్టీలుంది కాబట్టి కార్లొస్తాయి’ అనే మాట సభల్లో బాగుంటుంది, ఫ్యాక్టరీలో పనికిరాదు. మన ఊరికి నిజంగా ఏ బలముందో విద్యార్థి తెలుసుకోవాలి. నాకు కనిపిస్తున్నవి రెండు. ఒకటి, తీరంలోని ఖనిజం. రెండు, తరాలుగా వేడి లోహంతో పనిచేసిన చేతులు.

బ్యాటరీ సెల్స్‌దీ ఇదే కథ. మన కార్లలో వాడే సెల్స్‌లో చాలావరకు దిగుమతులే. మహీంద్రా కొత్త కార్లలోకి వచ్చినవి చైనా కంపెనీ బీవైడీ సెల్స్. మన తెలుగు నేల మీద అమరరాజా మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో గిగా ఫ్యాక్టరీ కడుతోంది. పెనుకొండలో కియా 2025లో కారెన్స్ క్లావిస్ ఈవీని తెచ్చింది. ఆ కంపెనీ ఇండియాలో తయారుచేసిన తొలి విద్యుత్ కారు అదే. అంటే అవకాశాలు ఎక్కడో డెట్రాయిట్‌లో లేవు, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే దూరంలో ఉన్నాయి.

కారు వచ్చేసింది, ఇంకా ఆగింది!

కొన్నిసార్లు బండి తయారైపోయినా బయటకు రాదు. కారణం సాఫ్ట్‌వేర్. వోల్వో తన ఈఎక్స్90 తయారీని 2023లో వాయిదా వేసింది. సాఫ్ట్‌వేర్‌ని, పరీక్షల్ని పూర్తిచేయడానికి ఇంకా సమయం కావాలని కంపెనీయే చెప్పింది. కంప్యూటర్ సైన్స్ వాళ్లంతా యాప్‌ల వైపే చూస్తున్న కాలంలో, కారులోని కంట్రోలర్లకు కోడ్ రాసేవాళ్లు, ఆ కోడ్‌ని పరీక్షించేవాళ్లు వేరే జాతి. ఎంబెడెడ్ సీ, క్యాన్ ప్రోటోకాల్, టెస్టింగ్... పేర్లు గ్లామర్‌గా ఉండవు, కానీ హైదరాబాద్‌లో జెడ్‌ఎఫ్ లాంటి సంస్థల టెక్ సెంటర్లలో జరిగే పని ఇలాంటిదే.

బండి ఊరికొచ్చాక కూడా పని ఉంది. డెలివరీకి ముందు చేసే తనిఖీలో బ్యాటరీ ఆరోగ్యం, చార్జింగ్, హైవోల్టేజ్ కేబుళ్లు చూడాలి. వందల వోల్టుల వ్యవస్థ అది. శిక్షణ లేనివాడు చేయిపెడితే ప్రాణాలకే ప్రమాదం. పెట్రోలు బండి మెకానిక్ ఎంత గొప్పవాడైనా ఇక్కడ మళ్లీ నేర్చుకోవాలి. ఆ తర్వాత ఇంట్లో చార్జర్. సొంతిల్లయితే సులువు. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ ఒప్పుకోవాలి, సెల్లారు దాకా సరైన కేబుల్ లాగాలి, ఎర్తింగ్ చూడాలి, విద్యుత్ లోడు పెంచుకోవాలి. కారొచ్చి పది రోజులైనా చార్జర్ పెట్టే ఎలక్ట్రీషియన్ దొరకలేదంటే, ఆ వీధిలో ఒక ఐటీఐ కుర్రాడికి బతుకుతెరువు ఉన్నట్టే కదా?

‘ఈవీ కోర్సు’ చేస్తే చాలా?

ఇక్కడే జాగ్రత్తపడాలి. ‘45 రోజుల్లో ఈవీ ఇంజినీర్’ అని పోస్టర్లు కనిపిస్తుంటాయి. స్లైడ్లు చూపించి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి, వేలు గుంజే కోర్సులతో వచ్చేదేమీ లేదు. ఫీజు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: ‘నా చేత్తో బ్యాటరీ ప్యాక్ విప్పిస్తారా?’ జవాబు నీళ్లు నమిలినట్టుంటే బయటకొచ్చేయండి. దానికంటే ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ మేలు. డిప్లొమా, డిగ్రీ వాళ్లకు నాట్స్ పోర్టల్, ఐటీఐ వాళ్లకు నాప్స్ పథకం ఉన్నాయి. స్టైపెండ్ తక్కువే కావచ్చు, చేతికి అంటే గ్రీజు మాత్రం నిజమైనది.

‘ఈవీలు అంత అమ్ముడవుతున్నాయా? రేపు గాలి తీస్తే?’ అని మీ నాన్నగారు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దేశంలో పది కార్లు అమ్ముడైతే అందులో పూర్తి విద్యుత్ కారు ఒకటి కూడా ఉండటం లేదు. అందుకే ‘ఈవీ’ అన్న పేరుని నమ్ముకోవద్దు, దాని కింద ఉన్న పనిని నేర్చుకోండి. పవర్ ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నవాడు సోలార్ ప్లాంటులోనూ పనికొస్తాడు. బ్యాటరీ తెలిసినవాడు టెలికాం టవర్‌కీ కావాలి. మన దగ్గరే తిరుపతి–తిరుమల మధ్య 2022 నుంచి ఆర్టీసీ విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి. కార్ల అమ్మకాలు తగ్గినా ఆ బస్సుల్ని చూసుకునేవాళ్ల పని ఆగదు.

మొదటి జీతంతో బుక్ చేసేయొచ్చా?

ఉద్యోగం వచ్చిన ఆనందంలో ముందు కారు బుక్ చేద్దామనే ఉత్సాహం కూడా చూస్తున్నాను. లెక్క చూడండి. 10 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఏడేళ్లు. నెలకు దాదాపు 16,100 రూపాయలు. మొత్తం కట్టేది సుమారు 13.5 లక్షలు. పాతిక వేల జీతంలో మూడింట రెండొంతులు దగ్గర దగ్గర దానికే పోతుంది. ఈవీల మీద జీఎస్టీ 5 శాతమేనన్న మాట నిజమే, అంతమాత్రాన ఈఎంఐ తగ్గదు.

తప్పనిసరిగా కొనాల్సి వస్తే మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: బుకింగ్ రద్దుచేస్తే ఎంత తిరిగిస్తారు, ధర బుకింగ్ నాటిదా డెలివరీ నాటిదా, పన్ను రాయితీ ఏ తేదీ వరకు. ఉదాహరణకు తెలంగాణలో విద్యుత్ వాహనాలకు ఇచ్చిన రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2024 నవంబరు 18న మొదలైంది, గడువు 2026 డిసెంబరు 31. లెక్కలోకొచ్చేది రిజిస్ట్రేషన్ తేదీ, మీరు డబ్బు కట్టిన తేదీ కాదు. బండి చేతికొచ్చేటప్పుడు అది ఏ నెలలో తయారైందో కూడా చూసుకోండి. నెలల తరబడి యార్డులో ఎండకు ఎండిన బండిని కొత్త బండి ధరకు తీసుకోనక్కర్లేదు.

కొనని వాళ్లకు ఈ వారం ఒక పని చెప్తాను, ఖర్చు లేనిది. మార్కెట్లో ఉన్న ఒక ఈవీ మోడల్ ఎంచుకోండి. దాని సెల్ ఎక్కడిది, మోటారు ఎవరిది, అసెంబ్లీ ఏ ఊళ్లో, మీ ఊరికి ఎన్నాళ్లలో వస్తోంది, ఎక్కడ ఆగుతోంది... ఒక పేజీలో రాయండి. షోరూమ్‌కి వెళ్లి మర్యాదగా అడిగితే సగం వాళ్లే చెప్తారు. ఆగుతున్న చోటు దగ్గర మీ బ్రాంచ్ పేరు రాసి, మీరేం చేయగలరో రెండు వాక్యాలు చేర్చండి. రేపు ఇంటర్వ్యూలో ‘ఈవీల గురించి ఏం తెలుసు?’ అంటే పదిమందిలో తొమ్మిదిమంది ‘పర్యావరణానికి మంచిది సార్’ అంటారు. మీరు ఆ పేజీ తీసి ముందు పెట్టండి.