తిట్టండి, కానీ చూసి తిట్టండి



వినాయక చవితి అయిన వారంలో మన ప్రార్థన సభకు ఒక పెద్దాయన వచ్చి ప్రసంగించారు. "వీడియో గేములు విషం. ఆడే పిల్లలు చెడిపోయినట్టే లెక్క" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కూడా గట్టిగానే కొట్టాను. ముందు రోజు రాత్రి ఒంటిగంట దాకా ఆడింది నేనే. నా పక్కన నిలబడ్డవాడు రెండింటి దాకా ఆడాడు. వాడు నాకంటే గట్టిగా కొట్టాడు.

ఆ చప్పట్లు అబద్ధం. అబద్ధపు చప్పట్లతో ఎవరికీ బుద్ధి రాదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. నా గొడవ పెద్దలతో సగం, నా స్నేహితులతో సగం. ఇద్దరూ చివరిదాకా చదవాలని మనవి.

మొదట పెద్దలతో. మీరు "గేము" అనే ఒక్క మాటలో అన్నిటినీ కలిపేస్తారు. డబ్బు పెట్టి ఆడే పేకాట కూడా గేమే, ఫోనులో పది నిమిషాలు కాల్చుకునేది కూడా గేమే, నెలల తరబడి నడిచే కథ కూడా గేమే. సినిమా హాలు, సారా దుకాణం రెండూ సాయంత్రమే నిండుతాయి కాబట్టి రెండూ ఒకటే అంటే ఒప్పుకుంటారా? 2025 ఆగస్టులో మన పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను వేరు చేసి నిషేధించింది, మిగతా ఆటలను వేరుగా చూసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల జాబితాలో గేముల రోగం ఉన్న మాట నిజమే. కానీ ఆడితేనే రోగం అని అందులో లేదు. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం జరుగుతున్నా మానకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాది పాటు కనిపిస్తే అప్పుడు రోగం అన్నారు. డాక్టర్లు అంత చూసి చెప్పిన మాటను మనం చూడకుండా అర నిమిషంలో చెప్పేస్తున్నాం.

నేను ఆడింది స్కైరిమ్ అనే ఆట. 2011 నవంబర్ 11న వచ్చింది. అంటే దాదాపు మన తరగతి పిల్లల వయసే దానికి. పుణెలో పని చేసే మా అన్న తన పాత ల్యాప్‌టాప్ ఇంట్లో వదిలి వెళితే దాంట్లో ఆడాను. మంచు కొండల దేశం అది. తొమ్మిది సీమలు. మొదలయ్యేసరికే మన చేతులు కట్టేసి బండిలో తీసుకుపోతుంటారు, తల నరకడానికి. అంతలో డ్రాగన్ వచ్చి ఊరిని తగలబెడుతుంది. అక్కడి నుంచి తప్పించుకున్నాక ఎటు పోవాలో మన ఇష్టం. కొండ ఎక్కవచ్చు, ఊళ్ళో కమ్మరి దగ్గర కత్తి చేయడం నేర్చుకోవచ్చు, దారిలో కనిపించిన గుహలో దూరవచ్చు. దీన్నే ఓపెన్ వరల్డ్ అంటారు.

ఇది మనకు తెలియని సంగతి ఏమీ కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు గుర్తు తెచ్చుకోండి. గురువుగారు, ఒక పశువుల కాపరి పిల్లవాడు కలిసి కాశీకి నడిచిపోతారు. ప్రతి మజిలీలో ఆ పిల్లవాడు ఊరు చూసి వచ్చి ఏదో ఒక వింత గురించి అడుగుతాడు. దానికి గురువుగారు కథ చెబుతారు. నడవడం, ఆగడం, వింత చూడడం, కథ వినడం. నేను స్కైరిమ్‌లో చేసింది అదే. వింతల వెంట పోవడం పిల్లల స్వభావం. దాన్ని మీ తాతల కాలంలో పుస్తకం పట్టుకుంది, మా కాలంలో తెర పట్టుకుంది.

ఇంకొక మాట. గేముల వల్ల తెలుగు పోతోంది అని కూడా ఆ పెద్దాయన అన్నారు. దీనికి నేను అస్సలు ఒప్పుకోను. స్కైరిమ్‌లో డ్రాగన్లకు ఒక భాష ఉంది. ఆట కోసం కల్పించిన భాష. దానికి గోళ్ళతో గీకినట్టుండే 34 అక్షరాల సొంత లిపి కూడా ఉంది. గుహల్లో రాతి గోడల మీద ఆ మాటలు చెక్కి ఉంటాయి. ఒక్కో మాట నేర్చుకుంటే ఒక్కో శక్తి వస్తుంది. ఫుస్ అంటే బలం, రో అంటే సమతూకం, దా అంటే నెట్టు. ఈ మూడూ కలిపి అరిస్తే ఎదుటివాడు ఎగిరి పడతాడు. ఒక్క మనిషి కూడా ఇంట్లో మాట్లాడని ఆ భాషను ప్రపంచంలో ఎందరో ఇష్టంగా నేర్చుకున్నారు. ఎందుకు? ఆ భాషతో చేయడానికి ఒక పని ఉంది కాబట్టి.

ఆ ఆట ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి, జర్మన్, పోలిష్, జపాన్ భాషల్లోనూ ఉంది. తెలుగులో లేదు. ఆట వచ్చిన 2011లోనే జరిగిన జనాభా లెక్కల్లో మన దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు 8 కోట్ల పైనే. 8 కోట్ల మంది భాషలో ఒక డ్రాగన్ కూడా మాట్లాడదు. ఈ తప్పు ఆడే పిల్లలదా?

మన సోలాపూర్ సంగతే చూడండి. మన తాతలు మగ్గాల పని కోసం ఇక్కడికి వచ్చి తరాలు గడిచాయి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, సినిమాకు హిందీ. బడి వదిలితే తెలుగు అక్షరం కనిపించేది గుడి గోడ మీద, పెళ్ళి పత్రిక మీద. మన తరగతిలో బెంచీలు ఏటేటా ఖాళీ అవుతున్నాయి. ఆ బెంచీలను గేములు ఖాళీ చేశాయా, లేక తెలుగులో చదివితే ఏం వస్తుంది అని పక్క బడిలో చేర్పించిన పెద్దలు ఖాళీ చేశారా? మన గ్రంథాలయం బీరువాలో కాశీమజిలీ ఉందని నాకు తెలుసు. అద్దంలోంచి చూశాను. తాళం తీసి ఉండగా మాత్రం నేను ఒక్కసారి కూడా చూడలేదు. కథల బీరువాకు తాళం వేసి, కథల కోసం పిల్లలు తెర దగ్గరికి పోతే విషం అనడం న్యాయమా?

పెద్దలతో నా గొడవ ఇది. ఇక్కడిదాకా చదివి నా స్నేహితులు సంతోషపడి ఉంటారు. ఇప్పుడు మీ వంతు, నా వంతు.

ఆ ఆట నా దగ్గర ఎన్ని గంటలు తీసుకుందో లెక్క తెర మీదే కనిపిస్తుంది. 212 గంటలు. అందులో అసలు కథకు పట్టింది 40 గంటలు కూడా లేదు. మిగతాదంతా ఏమిటి? ఆ ఆటలో అంతం లేని చిన్న పనులు ఉంటాయి. ఫలానా గుహలో దొంగలున్నారు, చంపి రా. ఫలానా ఇంట్లో వస్తువు ఉంది, ఎత్తుకురా. ఒకటి చేస్తే ఇంకొకటి ఇస్తారు. మనిషి రాసిన కథ కాదది. ఊరు, పేరు మార్చి యంత్రమే పుట్టిస్తూ పోతుంది. ఆరు రోజులు ఆడినా, అరవై ఏళ్ళు ఆడినా అయిపోదు. నేను వింతల కోసం లోపలికి పోయి, చివరికి అక్కడ కూలి లేని కూలివాణ్ణి అయ్యాను. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా "ఇదొక్కటి చేసి పడుకుంటా" అనుకున్నాను. మీరూ అనుకున్నారు. దాచకండి.

కాశీమజిలీలో ఎన్ని మజిలీలున్నా చివర కాశీ ఉంది. కాశీ లేని మజిలీలు ప్రయాణం కాదు, తిరుగుడు.

నేను తిరుగుతున్నప్పుడు మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను. నాయిన రాత్రి పాళీకి మరమగ్గాల కార్ఖానాకు పోతాడు. అమ్మ అలిసి పడుకుంటుంది. మా అవ్వ మాత్రం చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ నా పక్కనే కూర్చునేది. పదో తరగతి కదా, మనవడు కంప్యూటర్‌లో చదువుకుంటున్నాడు, తోడుగా ఉండాలి అని. నిద్ర వస్తే కళ్ళు తుడుచుకుని మళ్ళీ చుట్టేది. ఆమెకు కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. ఆ లెక్క నాకు తెలుసు. ఆమె ఇటు చూసినప్పుడల్లా నేను పాఠం ఉన్న కిటికీ తెర మీదికి తెచ్చేవాణ్ణి. ఇది కూడా ఆట నేర్పలేదు. ఈ పని నేనే నేర్చుకున్నాను.

దీపావళి సెలవులయ్యాక మార్కులు వచ్చాయి. బీజగణితంలో 40కి 11. ఇంట్లో కాగితం పెట్టి నిజం చెప్పేశాను. నాయిన ల్యాప్‌టాప్ మూసి అటక మీద పెట్టమన్నాడు. అవ్వ మాత్రం "ఆగరా. ఏముందిరా దాంట్ల? నాకొక్కసారి సూపియ్యి" అంది.

చూపించాను. అప్పుడు నేను ఒక పెద్ద కొండ మీద ఆగి ఉన్నాను. అక్కడ పార్థుర్నాక్స్ అనే ముసలి డ్రాగన్ ఒంటరిగా ఉంటాడు. వెనకటి కాలంలో మనుషులను చాలా హింసించినవాడు. తర్వాత మనసు మార్చుకుని మనుషుల పక్షం వచ్చి, వాళ్ళకు తన విద్య నేర్పాడు. తన లోపలి చెడ్డ గుణాన్ని అణచుకుంటూ వేల ఏళ్ళు ఆ మంచులో తపస్సు చేస్తున్నాడు. పాత పాపానికి అతన్ని చంపాలని మన తోటివాళ్ళే పట్టుబడతారు. చంపాలో వద్దో తేల్చుకోవలసింది మనమే. నేను తేల్చుకోలేక అక్కడే వదిలేశాను.

ఇదంతా అవ్వకు తెలుగులో చెప్పాను. ఆమె పని ఆపి విన్నది. "తప్పు తెలుసుకున్నోన్ని సంపుతరారా? ఇడ్సిపెట్టు" అంది. కాసేపు కొండ మీది మంచును చూసింది. మంచిగున్నది అంది. ఆ తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. "నీ డ్రాగను మంచోడేరా. నువ్వు కాదు. నేను కండ్లు పోంగ నీ పక్కన కూసుంటే నాకు పాఠం సూపిచ్చి ఇది ఆడినవా?"

నా పదిహేనేళ్ళలో నాకు నిజంగా తగిలిన తిట్టు అదొక్కటే. ప్రార్థన సభలో పెద్దాయన తిట్టింది నన్ను కాదు, ఆయన ఊహించుకున్న ఎవరినో. అవ్వ చూసి తిట్టింది. ఆటలో మంచి ఎక్కడుందో, నాలో తప్పు ఎక్కడుందో రెండూ వేరు చేసి తిట్టింది. ఆ రోజు నుంచి నేను చిన్న పనుల జోలికి పోలేదు. కథ పూర్తి చేయడానికి ఆదివారం రెండు గంటలు, అది కూడా అవ్వ పక్కన కూర్చుంటేనే. బీజగణితం ఇంకా కష్టంగానే ఉంది. మార్చిలో ఏమవుతుందో చూడాలి.

కాబట్టి నేను అడిగేది ఇదే. పెద్దలారా, మీ పిల్లవాడు దేంట్లో మునిగాడో పది నిమిషాలు పక్కన కూర్చుని చూడండి, అడగండి, మన భాషలో చెప్పించుకోండి. తర్వాత తిట్టండి, మేము పడతాం. ఉపాధ్యాయులారా, ఆ బీరువా తాళం వారానికి ఒక్క రోజైనా తీయండి. తీసినా మేము రాకపోతే అప్పుడు గేముల మీద నెపం పెట్టండి. స్నేహితులారా, ఏ ఆటైనా మొదలుపెట్టే ముందు దాని కాశీ ఎక్కడుందో కనుక్కోండి. కాశీ లేదని తెలిస్తే ఆ దారిలో దిగకండి. దిగితే మాత్రం పక్కన కూర్చున్నవాళ్ళకు పాఠం కిటికీ చూపించకండి.

ఈసారి సభలో ఎవరైనా గేములు విషం అంటే నేను చప్పట్లు కొట్టను. నిలబడి, "సార్, మీరు ఏ ఆట చూశారు?" అని మర్యాదగా అడుగుతాను. అడిగే ధైర్యం ఇవ్వాలని మిమ్మల్ని కోరుతూ ముగిస్తున్నాను.

– 10వ తరగతి విద్యార్థి