కరువు జిల్లాలో ఈతకొలను దండగా?

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో ఈతకొలను ఊసెత్తితే ఎదురొచ్చే మాట ఒకటే: "తాగడానికే నీళ్లు లేవు, ఈదడానికా?" కారిమంగళం లాంటి పేరూరాట్చిలో (పట్టణ పంచాయతీలో) కొత్త కొలను కట్టమని అడిగినా ఇదే జవాబు, ఎక్కడో ఉన్న కొలనుకి ఎండాకాలం లోపు మరమ్మతు చేయమన్నా ఇదే జవాబు. ఈ మాట వెనకున్న బాధ నిజం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టి, కీళ్లు బిగుసుకుపోయిన తరాలు ఈ జిల్లాలో ఉన్నాయి. జపాన్ అప్పు తెచ్చి 1,928 కోట్ల రూపాయలతో కట్టిన హొగెనకల్ మంచినీటి పథకం 2013లో ప్రారంభమయ్యాకే చాలా ఊళ్లు కావేరి నీళ్లు రుచి చూశాయి. బిందె నీళ్ల విలువ తెలిసిన జనం కాబట్టే ఆ మాట అంటున్నారు. అయినా ఆ మాట తప్పే. తప్పని లెక్క వేసి చూపించవచ్చు.

ఇరవై ఐదు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు. ఒక ఊరి పిల్లలు ఈత నేర్చుకోవడానికి ఇంతకన్నా పెద్ద కొలను అక్కర్లేదు. అందులో పట్టేది మూడున్నర లక్షల లీటర్లు. ఎకరం వరికి నాటు నుంచి కోత దాకా 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పెట్టాలంటే సుమారు 48 లక్షల లీటర్లు కావాలి. అందులో పద్నాలుగో వంతుతో కొలను నిండిపోతుంది. నింపిన నీళ్లని రోజూ పారబోయరు కూడా. అవే నీళ్లు ఇసుక ఫిల్టర్‌లోంచి తిరిగి తిరిగి వస్తాయి, వాటిలో క్లోరిన్ కలుపుతారు. ఫిల్టర్ కడగడానికి కొంత, పిల్లల ఒంటి మీద కొంత, ఎండకి కొంత పోతాయి. మండే ఏప్రిల్‌లో రోజుకి ఏడు మిల్లీమీటర్లు ఆవిరైనా పోయేది 1,750 లీటర్లు.

అసలు నష్టం పగుళ్ల దగ్గర ఉంది. టైల్స్ సందుల్లో సిమెంటు రాలిపోయి, గోడకీ అడుగుకీ మధ్య అతుకు విడిపోయి, రోజుకి రెండు సెంటీమీటర్లు మట్టం దిగే కొలను 5,000 లీటర్లు భూమిలోకి వదిలేస్తుంది. డెబ్బై రోజుల్లో కొలనంత నీళ్లు ఇంకిపోతాయి. అంటే కరువు పేరు చెప్పి మరమ్మతు డబ్బు ఆపినవాళ్లే నీళ్లు పారబోస్తున్నారు.

ఈ మరమ్మతులు ఎప్పుడు జరుగుతాయో కూడా చూడాలి. వానాకాలంలో పంపు మోటారు కాయిల్ కాలిపోతుంది. జనం రారు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. సంక్రాంతి దాటాక ఎస్టిమేటు వేస్తారు. మార్చి ఆఖరికి పాత నిధులు మురిగిపోతాయి. ఏప్రిల్‌లో కొత్త పద్దు, మేలో టెండరు. పని అయ్యేసరికి బళ్లు తెరుస్తారు. పిల్లలకి సెలవులున్న రెండు నెలలూ గేటుకి తాళమే. ఫిల్టర్‌లో ఇసుక అయిదారేళ్లకోసారి మార్చాలి. మార్చకపోతే నీళ్లు మసకబారి అడుగు కనబడదు. అడుగు కనబడని కొలనులో మునిగిన పిల్లాడు గట్టు మీదున్నవాడికి కనబడడు. కొలను నీళ్లు ఎలా ఉండాలో చెప్పే ఐఎస్ 3328 అనే భారతీయ ప్రమాణం మనకుంది. దాన్ని పాటించడానికి ఏటా కొంత పద్దు కావాలి. ఆ పద్దు దగ్గరే చేతులు ముడుచుకుపోతాయి. చెన్నైలో 1995 దక్షిణాసియా క్రీడలకి వేళచ్చేరి కొలను కట్టారు. హైదరాబాద్‌లో 2002 జాతీయ క్రీడలకి గచ్చిబౌలి కొలను కట్టారు. పోటీలొస్తే కట్టడానికి డబ్బు దొరుకుతుంది. ఇసుక మార్చే పనికి శంకుస్థాపన ఉండదు, అందుకే దాన్ని తలకెత్తుకునే నాయకుడూ ఉండడు.

"బావులుండగా కొలనెందుకు? మేమంతా బావిలో నేర్చుకోలేదా?" అనే పెద్దలున్నారు. నేర్చుకున్నారు, నిజమే. ఈ చుట్టుపక్కల పొలం బావి ఎలా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. చదరంగా తవ్విన గొయ్యి. సగం నుంచి కిందికి చెక్కిన రాయి. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన రాతి పలకలే మెట్లు. చాలావాటికి పిట్టగోడ ఉండదు. పిల్లాడి వీపుకి ఎండు సొరకాయ బుర్రో మునగ బెండ్లో కట్టేవారు. నడుముకి తాడు వేసి, రెండో కొస నాన్నో మేనమామో పట్టుకునేవాడు. పిల్లాడు నీళ్లు మింగితే తాడు లాగేవాడు. ఆ చదువుకి పంతులు ఆ తాడు పట్టుకున్న మనిషే.

ఇప్పుడు ఆ మనిషి హోసూరులో షిఫ్టులో ఉన్నాడు, లేదా బెంగళూరులో బిల్డింగు పనిలో ఉన్నాడు. బోర్లు లోతుకి పోయేకొద్దీ బావి నీళ్లు అడుగంటాయి. మట్టం ఇరవై అడుగులు దిగాక కింది మెట్టు చేతికందదు, పైకెక్కే దారి ఉండదు. సెలవుల్లో పిల్లలు మాత్రం ఎప్పటిలాగే వస్తున్నారు, మోటారు షెడ్డు కప్పు మీంచి దూకుతున్నారు. పైగా ప్రతి బావికీ ఒక సొంతదారు ఉంటాడు, సొంతదారుకి ఒక కులం ఉంటుంది. అందులో ఎవరు దిగొచ్చో, ఎవరు దిగకూడదో తరతరాలుగా ఆ కులమే తేల్చింది. "మా కాలంలో అందరికీ ఈత వచ్చు" అనేవాళ్లు ఆ "అందరి"లో ఊరి చివర కాలనీ పిల్లలున్నారా అని ఒకసారి ఆలోచించాలి.

ఆ "అందరి"లో ఆడపిల్లలు ఎలాగూ లేరు. పదేళ్లు దాటిన పిల్లని బావిలోకి ఏ ఇంట్లో పంపారు? 2022 జూన్‌లో కడలూరు జిల్లాలో గెడిలం నది చెక్‌డ్యాం దగ్గర ఏడుగురు ఆడవాళ్లు మునిగి చనిపోయారు, వాళ్లలో చిన్నపిల్లలూ ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో పుదుక్కోట జిల్లా నుంచి ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చిన నలుగురు బడి పిల్లలు కరూరు దగ్గర మాయనూరులో కావేరిలో మునిగిపోయారు. బంతి వెంట మైదానమంతా పరిగెత్తగల అమ్మాయిలు వాళ్లు. వాళ్లకి పరుగు నేర్పిన వ్యవస్థ నీళ్ల మీద తేలడం నేర్పలేదు. కారిమంగళంలో ప్రభుత్వ మహిళా కళాశాల ఉంది, చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సులెక్కి అమ్మాయిలు వస్తారు. గోడ, గేటు, దుస్తులు మార్చుకునే గది, నేర్పడానికి ఒక మహిళా కోచ్ ఉన్న కొలనులో తప్ప వాళ్లు ఈత నేర్చుకునే చోటు ఇంకెక్కడుంది?

మన దేశంలో 2022లో నీళ్లలో మునిగి చనిపోయినవాళ్లు 38 వేలకు పైనేనని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. ప్రపంచంలో ఏటా దాదాపు మూడు లక్షల మంది ఇలా పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది. 2023 డిసెంబరులో కేంద్ర ఆరోగ్యశాఖే మునక మరణాల నివారణకి ఒక జాతీయ ప్రణాళిక విడుదల చేసింది. ఆరోగ్యశాఖ పట్టించుకున్న సంగతిని క్రీడాశాఖ ముచ్చటగా, మునిసిపాలిటీ షోకుగా చూడటం ఇక చెల్లదు.

బంగ్లాదేశ్ మనకన్నా ధనిక దేశం కాదు. అక్కడ 'స్విమ్‌సేఫ్' పేరుతో నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల పిల్లలకి ఊరి చెరువుల్లో వెదురు కంచెలు కట్టి ఈత నేర్పారు. నేర్చుకున్న పిల్లల్లో మునక మరణాలు, నేర్చుకోని పిల్లలతో పోలిస్తే తొంభై శాతానికి పైగా తక్కువని అధ్యయనం తేల్చింది. "అయితే మనమూ చెరువులోనే నేర్పుదాం" అంటారు కొందరు. బంగ్లాదేశ్ చెరువులో ఏడాది పొడవునా నీళ్లుంటాయి. మన చెరువు మార్చికే పగుళ్లు తేలుతుంది. సెలవుల్లో పిల్లలకి నడుము లోతు శుభ్రమైన నీళ్లు ఇవ్వాలంటే మనకి కట్టిన కొలనే దిక్కు.

"ఈదేవాళ్లే ఖర్చు భరించాలి" అనే వాదన పైకి న్యాయంగా కనబడుతుంది. టికెట్టు డబ్బుతోనే పంపు, ఇసుక, క్లోరిన్, కరెంటు, కాపలా అన్నీ గడవాలంటే ఆ టికెట్టు కూలివాడి పిల్లాడికి అందదు. అందనివాడు ఈదడానికి నీళ్లు నిండిన క్వారీ గుంతకే పోతాడు. ఇంగ్లండ్‌లో ప్రాథమిక బడి దాటేలోపు ప్రతి పిల్లా 25 మీటర్లు ఈదగలగాలని పాఠ్యప్రణాళికలోనే రాసుకున్నారు. కరెంటు, గ్యాసు ధరలు పెరిగి కొలనులు మూతబడుతుంటే 2023 బడ్జెట్‌లో 6 కోట్ల 30 లక్షల పౌండ్లు వాటి కోసం పక్కన పెట్టారు.

"అందరినీ రానిస్తే గొడవలవుతాయి, మూసేయడమే నయం" అనేవాళ్లకి అమెరికాలో జాక్సన్ నగరం సంగతి చెప్పాలి. నల్లవాళ్లనీ రానివ్వాలని కోర్టు అన్నాక 1963లో ఆ నగరం తన కొలనులు మూసేసింది. 1971లో సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో ఆ మూతని సమర్థించింది. ఆ దేశంలో పది నుంచి పద్నాలుగేళ్ల నల్లజాతి పిల్లలు ఈతకొలనుల్లో మునిగి చనిపోయే రేటు తెల్లపిల్లల కన్నా ఏడు రెట్లకు పైనే. తాతల కాలంలో తలుపు మూస్తే మనవల కాలంలో ప్రాణాలు పోతున్నాయి.

డబ్బు లేదనే మాట కూడా నేను నమ్మను. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో గ్రానైటు తవ్వుకుపోయినవాళ్లు వదిలేసిన గుంతలు నిండు కుండల్లా ఉన్నాయి. 2015 చట్టం ప్రకారం గనుల మీద వసూలయ్యే జిల్లా ఖనిజ నిధి ఆ తవ్వకాల వల్ల నష్టపోయిన జనానిదే. పిల్లల క్షేమం, ఆరోగ్యం దాని ముఖ్య పనుల్లోనే ఉన్నాయి. క్వారీ గుంత ముందు నిలబడిన పిల్లాడికి ఈత నేర్పడం కన్నా ఆ నిధికి తగిన ఖర్చు ఏముంది? తమిళనాడులో 'నమక్కు నామే' పథకం ఉంది. ఊరివాళ్లు మూడో వంతు వేసుకుంటే మిగతాది ప్రభుత్వం ఇస్తుంది. కొబ్బరి వ్యాపారులు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలవాళ్లు తలో చేయి వేస్తే పగుళ్లు పూడ్చడానికి, కొత్త ఫిల్టర్‌కి ఆ మూడో వంతు సమకూరుతుంది. కానీ ఏటేటా అయ్యే ఖర్చుని చందాల మీద వదలకూడదు. క్లోరిన్‌కి, కోచ్ జీతానికి, కాపలా మనిషికి బడ్జెట్‌లో ఒక పద్దు రాయాలి, రాసిన పద్దుని కోయకూడదు.

అడిగేది ఇదీ. ఎస్టిమేటు నవంబరులో వేయాలి. పని ఫిబ్రవరిలో ముగియాలి. నీళ్ల పరీక్ష ఫలితం మార్చిలో గేటు మీద అంటించాలి. బడి పరీక్షలు అయిపోయిన మర్నాటి నుంచి ప్రభుత్వ బడి పిల్లలకి ఉచితంగా తెరవాలి. రోజూ ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఆడపిల్లలకే కేటాయించాలి, గట్టు మీద ఆడమనిషే ఉండాలి.